గుట్ట కోతులకు భయపడ్డ ఎండకాలం

మగకోతి ఆవులించేది నిద్రొచ్చి కాదు, కోరలు చూపెట్టడానికి. ఈ సంగతి, కోతులను చూసే పని నాకు నేర్పిన మా సారు మొదటి రోజే చెప్పిండు. చెప్పినా ఏం లాభం? ఒక పెద్ద మగది నా ఎదురుంగ బండ మీద కూర్చొని, నా దిక్కే చూసుకుంట నోరు బార్లా తెరిచినప్పుడు నేను ఉరకబోయి ఆగిన. దాని కోరలు కుక్క కోరల కంటె పొడుగున్నయి. ఉరకొద్దు, కళ్లల్ల కళ్లు పెట్టి చూడొద్దు, పండ్లు కనబడేటట్టు నవ్వొద్దు, సంచిల తినేది ఏదీ పెట్టుకోవద్దు అని సారు చెప్పినవన్నీ యాదికి తెచ్చుకుంట నేల చూపులు చూస్తూ నిలబడ్డ. మగది కాసేపటికి పక్కకు తిరిగింది. సారు నా వెనుకనే ఉన్నడు. భయపడ్డవా అని అడిగిండు. అవునన్న. మంచిదే, భయపడనోళ్లకే దెబ్బలు తగులుతయి అన్నడు.

అప్పటిసంది నా ఉద్యోగం అదే. పట్నం బయట, మంఖాల్ దాటినంక ఉన్న ఒక బండల గుట్ట మీద, ఒకే కోతుల గుంపును ఏండ్ల తరబడి చూడడం. ఎవరు ఎవరికి పేలు చూస్తున్నరు, ఎవరు ఎవరికి దారి ఇస్తున్నరు, ఏ తల్లి బిడ్డ బతికింది, ఏ మగపిల్ల పెద్దదై గుంపు విడిచి పోయింది అని రాసుకోవడం. నెత్తి మీద వెంట్రుకలు పాపిట తీసి దువ్వినట్టుండే మన దక్కను కోతులే అవి. గుళ్ల కాడ, బస్టాండ్ల కాడ అందరు చూసేవే. అందుకే మా ఇంట్ల మొదట్ల ఎవరికీ నా పని ఎక్కలే. మేము మైలార్‌దేవ్‌పల్లిల పెరిగినం. నాయిన ఫ్యాక్టరీల పనిచేసేటోడు, అమ్మ చర్చి బడిల టీచరు. కోతులను చూసేటందుకు అంత చదువెందుకు బిడ్డా అని నాయిన నిజంగనే తెలుసుకోవాలని అడిగిండు. అమ్మ అడగలే. నేను బయలుదేరే ప్రతి పొద్దున నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేది, అంతే.

గుట్ట కింద ఒక మామిడి తోట ఉన్నది. తోట అంచుకు చిన్న దాబా ఇల్లు. ఆ ఇల్లు, తోట ఒక ఆలుమగలయి. ఇద్దరు నాకంటె బాగ పెద్దోళ్లు. వాళ్ల పిల్లలు పెండ్లిండ్లయి పట్నంల ఉంటరు. ఆ ఇంటి దాబా మీదికెళ్లి చూస్తే గుట్ట సగం కనబడుతది. కోతులు నీళ్లకు దిగే తొట్టి కూడ అక్కడికే కనబడుతది. అందుకని మొదటి ఏడే పోయి, దాబా మీద కూర్చోనిస్తరా అని అడిగిన. ఆమె సరే అన్నది. నేను ఆమెను అక్కా అని పిలిచిన కాబట్టి ఆయన నాకు బావ అయిండు. ఊరోళ్లు నన్ను కోతుల మేడం అనేటోళ్లు. బావ కూడ నన్ను ఆటపట్టించాలంటే మేడం అనే పిలిచేది.

బావకు కోతులంటే పడదు. తోట మీద పడి కాయలు సగం కొరికి పారేస్తుంటే ఎవరికైన ఎట్ల పడుతది? రాళ్లు విసిరే వడిసెల పట్టుకొని తోటంత తిరిగేటోడు. మా గుంపుల ఒక ఆడకోతి ఉండేది. దానికి ఒక చెవి సగమే ఉండేది, చిన్నప్పుడే ఏదో కొట్లాటల తెగింది. బావ వడిసెలకు అందకుండ ఏ కొమ్మ మీద కూర్చోవాలో దానికి బాగ తెలుసు. దాన్ని తిట్టుకుంటనే బావ రోజూ దాని ముచ్చట చెప్పేది. అది పుట్టిన ఏడు నేను చూసిన. దాని మొదటి కాన్పు చూసిన. దాని బిడ్డలల్ల రెండు చచ్చిపోతే, చచ్చిన పిల్లను అది ఎత్తుకొని తిరగడం కూడ చూసిన. ఏండ్లు గడిచినకొద్దీ గుట్ట చుట్టూ ప్లాట్ల రాళ్లు పాతిన్రు, గోడలు లేసినయి, ఎయిర్‌పోర్టుకు దిగే విమానాలు ఎక్కువైనయి. నా పెండ్లైంది. నా భర్త ఎయిర్‌పోర్టుల సరుకు దించే దగ్గర పనిచేస్తడు. సగం చెవిది మాత్రం గుంపుల పెద్ద ఆడది అయ్యి, అక్కడనే ఉన్నది.

నేను చెప్పే ఎండకాలం మొన్న మొన్నటిదే. మామిడికాయలు ముదురుతున్నయి. ఒక పొద్దున గుంపు నీళ్లకు దిగింది. నేను దాబా మీద ఉన్న. రోడ్డు దిక్కుకెళ్లి ఒక కుక్క వచ్చింది. ఒక్కటే ఉన్నది. మొరుగుతలేదు. తల కిందికి వేసుకొని, దవడ జారవిడిచి, ఎటు పోతున్నదో తెలియనట్టు నడుస్తున్నది. కుక్కలు కనబడితే కోతులు చెట్లెక్కి అరుస్తయి, కుక్కలు కింద మొరుగుతయి, కాసేపటికి ఎవరి దారిన వాళ్లు పోతరు. రోజూ జరిగేదే. ఈ కుక్క అరుపులు విననే లేదు. నేరుగ తొట్టి కాడికి వచ్చింది. అన్నిటికంటె వెనుక ఉన్నది సగం చెవిది. దాని కడుపుకు పసిపిల్ల అతుక్కొని ఉన్నది. కుక్క దాని భుజం పట్టుకున్నది.

తర్వాత అంత దుమ్మే. సగం చెవిది తిరిగి కుక్క మొఖం చీరేసింది. పెద్ద మగది, ఈడొచ్చిన మగపిల్లలు అన్నీ ఒక్కసారే కుక్క మీద పడ్డయి. నేను దాబా అంచు పట్టుకొని వంగి చూస్తున్న, ఏది ఎక్కడున్నదో కనబడతలేదు. దుమ్ము తగ్గేసరికి కుక్క ఊరి దిక్కు పోతున్నది. కోతులన్ని బండల మీదికెక్కినయి. సగం చెవిదాని భుజం నుంచి రక్తం కారుతున్నది. పిల్ల మాత్రం కడుపుకు అట్లనే ఉన్నది.

నేను కిందికి దిగి ఊరి దిక్కు పోయేసరికి పని అయిపోయింది. కుక్క ఒక దూడను కరిచిందట, పిచ్చికుక్క అని అందరు కలిసి కట్టెలతోటి కొట్టి చంపి, కిరోసిన్ పోసి కాలబెట్టిన్రు. వాళ్లు చేసిందాంట్ల తప్పు లేదు. కాని పరీక్షకు పంపాలంటే నాకు బూడిద తప్ప ఏమీ మిగలలే.

రేబిస్ సంగతి నాకు పుస్తకాలల్ల తెలుసు. కరిచిన దగ్గర అది మెల్లగ నరం పట్టుకొని మెదడు దాక పాకుతది. వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు. అప్పటిదాక పైకి ఏం కనబడదు. చొంగ కారుడో, నీళ్లు మింగలేకపోవుడో కనబడ్డ దినం ఇగ మందు లేదు, మనిషికైనా కోతికైనా. ఈ ఉద్యోగంల చేరేటప్పుడే నేను ముందుజాగ్రత్త సూదులు వేసుకున్న. ఊరోళ్లు ఎవరూ వేసుకోలే. కోతులు వాళ్ల ఇండ్ల మీద తిరుగుతయి, వాకిట్ల ఎండబోసిన పప్పులు తింటయి, పిల్లల చేతుల బిస్కెట్లు గుంజుకుంటయి.

అదే మధ్యాహ్నం అక్కకు, బావకు అంత చెప్పిన. బావ మంచం మీద కూర్చొని విన్నడు.

"అంటే ఆ సగం చెవిదానికి పిచ్చి లేస్తదా?"

"లేవొచ్చు, లేవకపోవచ్చు బావా. ఎప్పుడనేది ఎవరూ చెప్పలేరు."

"మరి మేమేం చెయ్యాలె?"

దగ్గరికి పోవద్దు, తోటల ఒంటరిగ తిరగొద్దు, చేతికి కట్టె ఉండాలె అని చెప్పిన. అక్క నా మొఖమే చూస్తున్నది. నాకు భయమైతున్నదా అని అడిగింది. అవునన్న. ఆమె లేచి లోపలికి పోయింది. మళ్లొచ్చి, ఆ సాయంత్రం నుంచి మేకలను ఇంట్లనే కట్టేస్తనని చెప్పింది.

పంచాయతి ఆఫీసు ముందట ఊరంత కూడింది. కోతులను పట్టేటోళ్లను పిలిపించి మొత్తం గుంపును లేపేద్దామన్నరు. వాళ్ల మాట నాకు అర్థమైంది. కాని పట్టేటోళ్లు చేసేది ఒక్కటే, అన్నిటిని ఒక బోనుల కుక్కి, బండి మీద వేసుకొని, దూరంగ అడవిల వదిలేస్తరు. బోనుల పడ్డ కోతులు ఒకదాన్నొకటి కొరుక్కుంటయి. ఒక్కదానికి రోగముంటే బండి దిగేసరికి ఎన్నింటికి ఉంటదో, వదిలిన కాడ ఉన్న ఊర్ల పరిస్థితి ఏందో చెప్పిన. పశువుల డాక్టరు కూడ వచ్చి అదే మాట అన్నడు. కడకు ఒక ఒప్పందానికి వచ్చిన్రు. నేను రోజూ పొద్దు పొడిచిన కాడికెళ్లి పొద్దు గూకే దాక గుట్ట కాడ ఉండాలె. ఏ కోతి తీరు జర మారినా ఊరికి చెప్పాలె. పిల్లలను ఆ దిక్కు రానియ్యకుండ వాళ్లు చూసుకుంటరు.

ఇంట్ల నా భర్తతోటి గొడవైంది. గొడవంటే అరుచుకోవడం కాదు. ఆయన అరవడు. అన్నం ముందట కూర్చొని తినకుండ, వేరే వాళ్లెవరైనా చూడొద్దా, నువ్వే ఎందుకు అన్నడు. నా కింద చదువుకునే పిల్లలు ఇద్దరున్నరు. వాళ్లను రావద్దని నేనే చెప్పిన. ఒక్కొక్క కోతి తీరు తెలిసింది నాకు తప్ప ఇంకెవరికి? ఆయనకూ అది తెలుసు. ఆ తర్వాత రోజూ డ్యూటీ మధ్యల ఫోన్ చేసేటోడు. నేను ఎత్తితే, సరే అని పెట్టేసేటోడు.

అట్ల నేను సగం చెవిదాన్ని చూసుడు మొదలుపెట్టిన. ఇన్నేండ్లు దాన్ని చూసింది వేరు, ఆ ఎండకాలం చూసింది వేరు. అంతకుముందు అది ఎండల ఎక్కువసేపు కూర్చుంటే కూర్చున్నదని రాసుకునేది. ఇప్పుడు అది లేచే దాక గడియారం చూసుకునేదాన్ని. చింతకాయ నమిలి నోట్లకెళ్లి చొంగ కారితే మళ్ల మింగిందా లేదా అని చూసేదాన్ని. తొట్టి కాడికొచ్చి నీళ్ల దిక్కు చూసుకుంట ఊకే ఉంటే, అది మూతి నీళ్లల్ల పెట్టే దాక నేను ఒకటి, రెండు అని లెక్కపెట్టేదాన్ని. తాగితే ఆ రోజు గడిచినట్టు. విమానం మీదికెళ్లి పోతున్నప్పుడు అది ఉలిక్కిపడితే, ఇదివరకు ఎప్పుడన్న ఇట్ల ఉలిక్కిపడిందా అని గుర్తు చేసుకునేదాన్ని. పడిందో లేదో తెలిసేది కాదు. భయంతోటి చూస్తే మామూలుది ఏదో, మామూలు కానిది ఏదో తెలియకుండ పోతది. నాకు చేతనైన పని అదొక్కటే, అదే నాకు చేతకాకుండ అయింది.

వారాలు గడిచినయి. దాని భుజం మీది పుండు మానింది. పొక్కు రాలి, కొత్త వెంట్రుకలు మొలిచినయి. పసిపిల్ల తల్లిని విడిచి తోటి పిల్లలతోటి కొమ్మల మీద ఉయ్యాలలూగుడు మొదలుపెట్టింది. అక్క మేకలను మళ్ల బయట కట్టేసింది. బావ కట్టె మరిచిపోయి తోటకు పోబట్టిండు. నేను గుర్తు చేస్తే, నీ ముసలిది నాకంటె గట్టిగున్నది మేడం అని నవ్విండు. నాక్కూడ ఆ రోజుల్ల రాత్రి నిద్ర పడుతున్నది.

ఆ గుంపుల ఒక మగపిల్ల ఉండె. పిల్ల అంటున్న గాని ఈడొచ్చింది, ఇవాళో రేపో గుంపు విడిచి పోయేటట్టుండె. ఒక పొద్దున అది కనబడలే. ఆ వయసు మగయి ఒకటి రెండు దినాలు ఎటో పోయి వస్తుంటయి, అందుకని నేను పెద్దగ అనుకోలే. సగం చెవిది నీళ్లు తాగింది, పిల్ల ఆడుకుంటున్నది. మధ్యాహ్నం ఎండకు కోతులన్ని బండల సందులకు పోయినయి. నేను దాబా దిగి వచ్చిన. అక్క వాకిట్ల వేపచెట్టు నీడల కూర్చొని చింతపండు కొట్టి గింజలు తీస్తున్నది. నాకు చల్ల పోసి ఇచ్చింది. తాగుకుంట ఆమె పక్కన కూర్చున్న.

ప్రహరి గోడ మీద ఏదో గీకినట్టు చప్పుడైంది. తల ఎత్తి చూసిన. ఆ మగపిల్ల గోడ మీద ఉన్నది. గోడ మీదికెళ్లి దిగలేదు, పడ్డది. పడి, ముందు కాళ్ల మీద లేచి, నడుము కింది భాగం ఈడ్చుకుంట మా దిక్కు వస్తున్నది. గడ్డం తడిసి ఉన్నది. అరిచింది గాని అది కోతి అరుపు కాదు, గొంతు పోయిన మనిషి పిలిచినట్టున్నది. ఇన్నేండ్లల్ల ఆ గొంతు నేను వినలే. అయినా అది ఏందో నాకు వెంటనే తెలిసింది.

అక్క చెయ్యి పట్టుకొని గుంజిన. చింతపండు చాట కిందపడ్డది. ఇద్దరం లోపల పడి తలుపు పెట్టి గొళ్లెం వేసుకున్నం. అది వచ్చి తలుపుకు కొట్టుకున్నది. మళ్ల కొట్టుకున్నది. రేకు తలుపు మోగుతుంటే అక్క గోడకు ఆనుకొని కూర్చున్నది.

"మీ బావ తోటల ఉన్నడు" అన్నది.

నేను ఫోన్ చేసిన. కిటికీల ఫోన్ మోగింది. బావ ఫోన్ ఇంట్లనే పెట్టి పోయిండు.

ఇంటి లోపలి నుంచే దాబాకు మెట్లున్నయి. ఆ మెట్లు చేతులతోటి పట్టుకొని ఎక్కిన. మీదికి పోయి చూస్తే బావ అప్పటికే తోట దాటి వస్తున్నడు. నెత్తి మీద రాలిన మామిడికాయల గంప ఉన్నది. చేతిల కట్టె లేదు. నేను రెండు చేతులు ఊపుకుంట రావద్దని అరిచిన. సరిగ్గ అప్పుడే ఎయిర్‌పోర్టుకు దిగే విమానం మా నెత్తి మీదికెళ్లి పోతున్నది. నా అరుపు నాకే వినబడలే. బావ తల ఎత్తి నన్ను చూసిండు. అన్నానికి పిలుస్తున్న అనుకున్నట్టున్నడు, ఒక చెయ్యెత్తి వస్తున్న అన్నట్టు ఊపిండు. విమానం పోయేసరికి ఆయన గేటు తీసిండు.

అది తలుపు విడిచి ఆయన దిక్కు తిరిగింది. కాళ్లు పడిపోయినా అంత వేగంగ ఎట్ల పోయిందో నాకు ఇప్పటికీ తెల్వదు. బావ గంప దాని మీద పారేసిండు. కాయలన్ని దొర్లినయి. అది ఆయన ముంజేయి కొరికి పట్టుకున్నది.

నేను ఎట్ల దిగి వచ్చిన్నో యాదిలేదు. గొళ్లెం తీసింది అక్కనే. ఇంట్ల దండెం మీద గొంగడి ఉండె. అది గుంజుకొని పోయి కోతి మీద వేసి, గొంగడితోటే మెడ కాడ ఒత్తి పట్టిన. అట్ల పట్టుడు మాకు నేర్పిస్తరు. నేర్చుకున్నది నిజంగ చేసింది అదొక్కసారే. అది ఆయన చెయ్యి విడిచింది. అక్క మేకలకు కుడితి పెట్టే ఇనుప తొట్టి దొర్లిచ్చుకుంట తెచ్చి, గొంగడి మీదికెళ్లి బోర్లించింది. దాని మీద రాయి మీద రాయి పెట్టినం. తొట్టి లోపల అది కదులుతుంటే ఇనుము గీక్కుపోయే చప్పుడు వినబడుతున్నది.

బావ కింద కూర్చున్నడు. ముంజేతి మీద పండ్లు దిగిన గాయాలు. నేను ఆయనను నల్లా కాడికి తీసుకపోయి, బోరు మోటార్ వేయించి, పారే నీళ్ల కింద చెయ్యి పెట్టి సబ్బుతోటి కడుగుడు మొదలుపెట్టిన. ఎంతసేపు కడగాల్నో అంతసేపు కడగాలె, మధ్యల ఆపొద్దు. రక్తం, సబ్బు నురగ కలిసి కాలువల పోతున్నయి. మంటకు ఆయన చెయ్యి వెనుకకు గుంజుకుంటున్నడు.

"అయిందా?" అన్నడు.

"ఇంకా కాలే బావా."

కాసేపటికి మళ్ల అడిగిండు. "నేను చస్తనా?"

"సూదులు వేయించుకుంటే ఏం కాదు. ఇప్పుడే పోతున్నం" అన్న. నా గొంతు గట్టిగనే వచ్చింది. అది ఎట్ల వచ్చిందో దేవునికే ఎరుక.

పక్కింటోళ్ల ఆటోల పోయినం. దగ్గర ఉన్న దవాఖానల మామూలు టీకా సూది వేసిన్రు గాని, గాయం చుట్టూ ఎక్కించే మందు అక్కడ లేదన్నరు. ఆ మందు పట్నంల పెద్ద దవాఖానల దొరుకుతదన్నరు. మళ్ల ఆటో ఎక్కినం. మైలార్‌దేవ్‌పల్లి కాడ బండ్లు ఆగిపోయినయి. నేను పుట్టి పెరిగిన సడక్ అది. ఎటు చూసినా లారీలు, హారన్లు. అక్క ఆయన భుజం పట్టుకొని కూర్చున్నది. ఆయన కట్టు కట్టిన చేతినే చూసుకుంటున్నడు. నేను మొదటిసారి అమ్మ తీరుగ పైకి వినబడేటట్టు ప్రార్థన చేసిన. బావ వాళ్లకు ఆ ప్రార్థన కొత్త. అయినా చివరికి అక్క చేతులు జోడించింది.

ఆటోలనే ఉండి ఫోన్ చేసిన, మేము పోయేసరికి నా భర్త దవాఖాన గేటు కాడ నిలబడి ఉన్నడు. నన్ను చూసి మొదట నా చేతులు రెండూ అటు ఇటు తిప్పి చూసిండు. నాకు గాయం లేదు. దాని చొంగ తగిలిందేమో అని నాక్కూడ మళ్ల సూదులు వేసిన్రు. బావకు గాయాలల్లనే మందు ఎక్కిచ్చేటప్పుడు ఆయన అరిచిన అరుపు బయట బెంచీ మీద కూర్చున్న అక్కకు వినబడ్డది. ఆమె కొంగు నోట్ల కుక్కుకున్నది.

తొట్టి కింద ఉన్నది తెల్లారేసరికి చచ్చిపోయింది. పశువుల డాక్టరు వచ్చి తీసుకపోయి పరీక్షకు పంపిండు. కొన్ని రోజులకు నాకు ఫోన్ చేసిండు. రేబిసే అన్నడు. నేను దాబా మీద ఉండి ఆ మాట విన్న. తెలిసిన సంగతే, అయినా విన్నంక కూర్చోవాల్సొచ్చింది. ఆ రోజు దుమ్ముల కుక్క మీద పడ్డ మగపిల్లలల్ల అది కూడ ఉన్నది. దాని వేలి సందుల చిన్న గీరుడు ఉండె, ముల్లు గీరుకున్నట్టు. గుట్ట మీద అట్లాంటి గీరుడు లేని కోతి ఒక్కటి కూడ ఉండదు.

రేబిస్ వచ్చిన మనిషికి నీళ్లు మింగుడు పడవు, నీళ్లు చూస్తెనే గొంతు పట్టేస్తది. ఇది ఎవరో బావకు చెప్పిన్రు. సూదులన్ని పద్ధతిగ వేసుకున్నడు, ఒక్కటి తప్పలే, ఇగ భయం లేదని డాక్టర్లు చెప్పిన్రు. నేను కూడ చెప్పిన. అయినా ఆయన గ్లాసు పట్టుకుంటే చెయ్యి ఆగిపోయేది. ఆయన తాగుతుంటే అక్క పని విడిచి వచ్చి ఆయన గొంతు దిక్కు చూసుకుంట నిలబడేది. గుటక పడ్డదాక అక్కడికెళ్లి కదలకపోయేది. నేను ఉంటే నేను కూడ చూసేదాన్ని. ఒకసారి ఆయనకు పొలమారింది. ముగ్గురం ఒకల మొఖాలు ఒకలం చూసుకున్నం. ఆయన మళ్ల గ్లాసు ఎత్తి, మొత్తం తాగి, గ్లాసు బోర్లించి, తోటలకు పోయిండు.

రేబిసని తేలిన వారంలనే ఊరు మళ్ల కూడింది. ఈసారి కోపం ఎక్కువున్నది, అది నా మీద కూడ ఉన్నది. అప్పుడే పట్టిచ్చి ఉంటే ఇట్ల అయ్యేది కాదు కదా అన్నరు. ఏం చెప్పినా వినేటట్టు లేరు. బావను అడిగిన్రు. ఆయన కట్టు చెయ్యి ఒళ్లె పెట్టుకొని కూర్చున్నడు.

"నన్నేం అడుగుతరు? నాకు నిద్ర పడతలేదు. కోతి అరుపు వింటే ఇంట్లకు ఉరుకుతున్న. మీకేం తోస్తే అది చెయ్యుండ్రి. కాని ఈ మేడం లేకుంటె నా ఇంటిది ఆ రోజు వాకిట్లనే దాని పాలైతుండె."

ఆ మాటతోటి ఊరు మారిపోలే. కొందరు లేచి వెళ్లిపోయిన్రు. పట్టుడు ఆగిపోయింది మాత్రం ఆఫీసర్ల వల్ల. రోగం తేలిన గుంపును కదిలించొద్దని వాళ్లు గట్టిగ చెప్పిన్రు. ఊర్ల కుక్కలకు టీకాలు వేసిన్రు, అడిగినోళ్లకు కూడ సూదులు వేసిన్రు. నేను మళ్ల పొద్దు పొడిచిన కాడికెళ్లి కూర్చున్న. ఈసారి ఒక్కదాన్ని కాదు, గుంపు మొత్తాన్ని చూడాల్సొచ్చింది. ఆ మగపిల్లతోటి ఆడుకున్నవి ఉన్నయి, దాని పేలు చూసినవి ఉన్నయి. సగం చెవిది కాదు, ఇంకో పెద్ద ఆడది కుంటితే రెండు రోజులు నాకు అన్నం సయించలే. దాని కాలుకు గాజుపెంక గుచ్చుకున్నదని తర్వాత తెలిసింది.

వానలు పడ్డయి. గుట్ట పచ్చబడ్డది. సీతాఫలాలు కాసినయి, అవి అయిపోయినయి. చలి వచ్చింది. ఇంకో కోతికి రోగం రాలే. ఎందుకు రాలేదో నేను చెప్పలేను. అదృష్టం అని డాక్టరు అన్నడు, నేను కూడ అదే అంటున్న. బావ బాగున్నడు. ముంజేతి మీద మచ్చలు ఉండిపోయినయి. ఆ ఏడు మామిడి పూత వచ్చినంక కూడ తోటకు ఒక్కడే పోలే, అక్కను తోడు పిలుచుకుపోయేటోడు. వడిసెల మాత్రం మళ్ల పట్టలేదు. రాయి తగిలితే కోతి తిరగబడుతదని ఆయన భయం.

నా లోపల కూడ ఏదో మారింది. ఒకరోజు గుట్ట మీద ఎప్పుడూ కూర్చునే పరుపు బండ మీద కూర్చున్న. ఆ ఎండకాలం తర్వాత అంత మీదికి పోవడం అదే మొదలు. సగం చెవిది పిల్లను తీసుకొని వచ్చి, నాకు వీపు తిప్పి, నా పక్కనే కూర్చున్నది. కోతి మనకు వీపు చూపెట్టి కూర్చున్నదంటె మనల్ని నమ్మినట్టు. ఆ నమ్మకం సంపాదించేటందుకే నేను ఇన్నేండ్లు ఎండల కూర్చున్న. దాని వెంట్రుకలు నా చీర అంచుకు తగులుతున్నయి. భుజం మీద కొత్త వెంట్రుకలు పాతవాటి కంటె లేత రంగుల ఉన్నయి. అది నమిలిన చప్పుడు నాకు వినబడుతున్నది. అది ఆరోగ్యంగ ఉన్నదని నాకు తెలుసు, ఈ గుట్ట మీద ఆ సంగతి నా అంత బాగ ఎవరికీ తెలియదు. అయినా నేను మెల్లగ లేచి, జర ఎడంగ ఉన్న ఇంకో బండ మీదికి పోయి కూర్చున్న. అది ఒకసారి తల తిప్పి నా దిక్కు చూసి, మళ్ల పిల్ల వీపుల పేలు చూసుకుంట ఉండిపోయింది.